వాగులో మునిగిన పదకొండుమంది

సెమినరీ చదువు ముగించుకుని సంఘాల్లోకి వెళ్ళబోయే కుర్ర పాస్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు. కాసేపయ్యాక, "అయ్యగారూ, ప్రసంగం బాగా చెప్పాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడుగుతారు. ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరుగా పనిచేసినవాణ్ణి నేను. నా ప్రసంగాల్లో ఒక్కటైనా ఎవరికైనా గుర్తుందంటే నమ్మను. మా ఆవిడకే గుర్తు లేవు. పాత ప్రసంగాన్నే మళ్ళీ చెప్పిన ఆదివారాలు చాలా ఉన్నాయి, ఆవిడ ముందు చాప మీద కూర్చుని కూడా కనిపెట్టలేదు.

అందుకని ప్రసంగాల సంగతి ఇక్కడ రాయను. ఎక్కడెక్కడికి ట్రాన్స్‌ఫరయ్యానో, ఎవరు శాలువా కప్పారో కూడా రాయను. మొదటి సంఘంలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఇప్పుడు ఎవరికీ పెద్దగా తెలియదు, నేను నోరు మూసుకుంటే నాతోనే పోతుంది. కానీ అదే తప్పు చెయ్యడానికి మీరందరూ సంచులు సర్దుకుని సిద్ధంగా ఉన్నారని మిమ్మల్ని చూస్తుంటే తెలుస్తోంది.

మిరపకాయల చేతులు

ఎనభైల మొదట్లో, రెండు రూపాయల బియ్యం వచ్చిన కొత్తల్లో, నన్ను పొదిలి వైపు ఒక పల్లెకు పంపారు. ఊరి పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు, మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నేను సత్తెనపల్లి దగ్గర పుట్టినవాణ్ణి, సాగరు కాలవ నీళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ కాలవ లేదు. ఒక బోరింగు, ఊరి బయట ఒక వాగు. వాగంటే పేరుకే, ఏడాదికి మూడొందల అరవై రోజులు అందులో ఇసుకే.

నేను చెప్పిన మొదటి ప్రసంగంలో నా గొప్ప నేను బాగానే చెప్పుకున్నాను. నాకు బాప్తిస్మం ఇచ్చింది జయానందం అయ్యగారని, అంతటి దైవజనుడి చేతుల మీదుగా కాలవలో మునిగానని చెప్పాను. బయటికొచ్చాక డీకను ఏసోబు నా చెయ్యి పట్టుకుని, "ఆ అయ్యగారు మాకూ తెలుసండీ. మంచోరు" అన్నాడు. ఎట్లా తెలుసని నేను అడగలేదు. ఆ రోజుల్లో నాకు అడిగే అలవాటు లేదు, చెప్పే అలవాటే ఉండేది.

ఏసోబు గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, తుమ్మ కొయ్యలాగా ఉండేవాడు. డీకనంటే సంఘంలో పాస్టరు తర్వాత పాస్టరంతటివాడు. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల జరిగేటప్పుడు రొట్టె పళ్ళెం మోసేది అతనే. గిన్నె కోసం కృతజ్ఞతా ప్రార్థన చేసేదీ అతనే. గొంతు మాత్రం దేవుడు ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. గుడిలో ప్రార్థన చేస్తే బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి కళ్ళు మూసుకునేవాళ్ళు.

క్రిస్మస్ కాగానే మా పల్లెలో సగం మంది లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళిపోయేవాళ్ళు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారానికి గానీ తిరిగి రారు. మొదటి ఏడు నేను ఖాళీ చాపలకు వాక్యం చెబుతూ కూర్చున్నాను. ఒకరోజు సత్తెనపల్లి నుంచి ఏసోబు పనిగట్టుకుని వచ్చి అడిగాడు. "గొర్రెలు అక్కడుంటే కాపరి ఇక్కడేం జేస్తన్నాడండీ?"

నాకు సిగ్గేసింది. మర్నాడే అతనితో బస్సెక్కాను. మిరప కల్లంలో, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య, బల్ల జరిపించాను. కల్లం ఆసామి హిందువు. అయినా ఇంట్లోంచి ఉతికిన దుప్పటి తెప్పించి పరిచి, "పాస్టరు గారూ, నాలుగు రోజులు వాన పడకుండా కూడా ఓ మాట చెప్పండి మీ దేవుడికి" అన్నాడు. అంతా బాగానే ఉంది. రొట్టె చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. అంతే! తెల్లారినప్పటి నుంచీ కాయలు కోసిన చేతులవి. నాలుక భగ్గుమంది, కళ్ళలోంచి ధారలు. ఆసామి భార్య దూరం నుంచి చూసి, "పాపం ఎంత భక్తో, ఏడుస్తున్నాడు" అందట.

తర్వాతి నెల నుంచి ఏసోబు పళ్ళెం పట్టేముందు మజ్జిగతో చేతులు కడుక్కునేవాడు. రొట్టె ముక్కలు తనే అందరి నోటికీ అందించేవాడు. ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. బల్లకు ముందు బోరింగు దగ్గరికి వెళ్ళి చేతులు రుద్ది రుద్ది కడిగేవాడు, మేమందరం అతని కోసం ఆగేవాళ్ళం.

పాస్టర్ల జాబితా

నేను చేరిన రెండో ఏడు సంఘం పెద్దలు ఒక కోరిక కోరారు. గుడికి డెబ్భై అయిదేళ్ళు నిండబోతున్నాయి, పండుగ చెయ్యాలి, పెద్దలొస్తారు, సంఘ చరిత్ర రాసి చదవండి అన్నారు. నాకు సంతోషం పట్టలేదు. కొత్త నోటు పుస్తకం కొన్నాను.

సంఘ చరిత్రంటే పాస్టర్ల జాబితా అనుకున్నాను. నాకంటే ముందు ఆరుగురు. మొదటాయన ఎద్దుబండిలో వచ్చి గుడిసె వేసుకున్నాడు. రెండో ఆయన పల్లెలో పిల్లలకు అక్షరాలు నేర్పాడు, ఏసోబు తరం చదువంతా ఆయన చలవే. మూడో ఆయన జ్వరంతో పోయాడు, గుడి వెనకే సమాధి. నాలుగో ఆయన మౌనముని, అయిదో ఆయన పాటగాడు. ఆరో ఆయన ఏడు నెలలే ఉన్నాడు. బోరింగు కొట్టి కొట్టి ఆయన భార్యకు చేతులు బొబ్బలెక్కితే, "నీకు పిలుపొచ్చింది, నాకు రాలేదు" అని పుట్టింటికి వెళ్ళిపోయిందట. ఆమెను నేను తప్పు పట్టను. పాస్టరు పనిలో సగం బరువు ఇంట్లో ఆడమనిషి మోస్తుంది, జాబితాలో ఆమె పేరు ఎవరూ రాయరు.

ఆ జాబితా కోసమే బాప్తిస్మముల పుస్తకం తెరిచాను. ఒక్కో పాస్టరుది ఒక్కో చేతిరాత. మూడో ఆయన రాత ఆగిపోయింది. నాలుగో ఆయన రాత మొదలు కాలేదు. మధ్యలో ఒక పేజీలో పదకొండు పేర్లు, అనుములు పేర్చినట్టు లావు లావు అక్షరాలు. తేదీ రాయాల్సిన చోట, "వాగు వచ్చిన రోజు" అని ఉంది. ఇచ్చినవారు అన్న గడిలో ఏమీ లేదు.

పదకొండు పేర్లలో అయిదో పేరు ఏసోబుది.

వాగు వచ్చిన రోజు

అడిగితే ఏసోబు దాచలేదు. గుడి మెట్టు మీద కూర్చుని, తువ్వాలు ఒళ్ళో వేసుకుని చెప్పాడు.

"మూడో అయ్యగారు పోయినాక అయిదేళ్ళు మాకు పాస్టరు లేడండీ. ఇరవై ముప్పై ఊళ్ళకి కలిపి ఒక్కాయనే తిరిగేవోడు. గుడి తలుపు తీసిందీ, దీపం పెట్టిందీ, సచ్చినోళ్ళ కాడ వాక్యం చదివిందీ ఎస్తేరమ్మే."

ఎస్తేరమ్మ బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడానికి పెట్టిన మనిషి. ప్రసంగానికి, బాప్తిస్మానికి ఆమెకు అధికారం లేదు. నేను వెళ్ళేసరికి ఎనభై ఏళ్ళుంటాయి. చూపు పూర్తిగా పోయింది. ప్రతి ఆదివారం బల్ల పక్కనే గోడకు ఆనుకుని కూర్చునేది.

"పదకొండు మందిమి మునగడానికి తయారుగా ఉన్నామండీ. ఊరి చెరువులోకి మనల్ని దిగనిచ్చే రోజులా అయ్యి? వాగే గతి. ఆ తిరిగే అయ్యగారు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఇసకే. మూడో ఏడు కొండల మీద వాన పడి వాగొచ్చింది. కబురు పంపితే ఆయన ఎక్కడో నాలుగూళ్ళ అవతల. నీళ్ళున్నప్పుడు అయ్యగారు లేడు, అయ్యగారొచ్చినప్పుడు నీళ్ళు లేవు. రెండ్రోజులాగితే మళ్ళీ ఇసకేగదా. ఎస్తేరమ్మ ఒడ్డున నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. కుచ్చిళ్ళు దోపుకుని నడుం లోతు దిగింది. 'రండర్రా, దేవుడు నీళ్ళిచ్చాడు, పాస్టర్ని ఇయ్యలేదు. నేనేం జేసేది?' అంది."

"అందరూ దిగారా?"

"దిగామండీ. ఒక పిలగాడు మాత్రం ముంచేటప్పుడు నోరు తెరిచి బురదనీళ్ళు తాగేశాడు. ఆమె వీపు మీద రెండిచ్చింది." ఏసోబు నవ్వాడు. "బాప్తిస్మమూ దెబ్బలూ ఒకేసారి."

నేను నవ్వలేదు. నాలుగో పాస్టరు వచ్చాక దీన్ని సరిచెయ్యలేదా అని అడిగాను. ఆయన ఆ పేజీ చూసి, తిప్పి, తర్వాతి పేజీలో తన రాత మొదలుపెట్టాడట. ఎంత నిర్లక్ష్యం, అనుకున్నాను. ఆ మౌనముని నాకంటే ఎంత తెలివైనవాడో అర్థం కావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నేను చేసిన పని

మనం బాప్టిస్టులం. మనకు నీళ్ళే ప్రాణం. పసిపిల్లల నెత్తిన చిలకరించి సరే అనుకునేవాళ్ళం కాదు. తెలిసి, నమ్మి, పూర్తిగా మునగాలి, క్రమం ప్రకారం మునగాలి. అందుకే ఇలాంటి తప్పు మనలాంటివాళ్ళే చెయ్యగలరు. వేరే సంఘంలో పాస్టరుకు ఆ పేజీ చూస్తే నిద్ర పట్టకపోవడమన్నది ఉండదు. నాకు పట్టలేదు. పండుగకు పెద్దలొస్తారు, పుస్తకం చూపించమంటారు, నా పరువేం కావాలి అన్నదే లోపల్లోపల అసలు బాధ. పైకి మాత్రం సత్యం, క్రమం అన్నాను.

పదకొండు మందిలో అయిదుగురు ఊళ్ళో ఉన్నారు. అయిదుగురు చనిపోయారు. ఒక పేరు ఎవరిదో తేలలేదు. "ఎర్రబ్బాయి, పద్నాలుగేళ్ళు" అని ఉంది. ఏసోబును అడిగితే, "వాళ్ళ నాయన పోయినాక తల్లీబిడ్డా ఊరొదిలి వెళ్ళిపోయారండీ" అని ఊరుకున్నాడు. ఆ పేరు పక్కన పెన్సిలుతో "ఆచూకీ లేదు" అని రాశాను.

మన సంఘాల్లో పాస్టరు ఒక్కడే ఏదీ తేల్చడు, సంఘం చేతులెత్తి తేలుస్తుంది. ఎస్తేరమ్మ ఒంట్లో బాగాలేక రాని ఒక బుధవారం చూసి సంఘాన్ని కూర్చోబెట్టాను. ఆ పదకొండు బాప్తిస్మాలు చెల్లవని, బతికున్న అయిదుగురూ మళ్ళీ మునగాలని, మునగనివాళ్ళకు బల్ల లేదని చెప్పాను. చేతులెత్తమన్నాను. ఎత్తారు. నమ్మి ఎత్తలేదు, అయ్యగారు కదా అని ఎత్తారు. మీకు ఇది బాగా గుర్తుండాలి. మన మీద గౌరవంతో లేచిన చెయ్యి మనం చెప్పింది ఒప్పని సాక్ష్యం కాదు.

నలుగురు ఒప్పుకున్నారు. దగ్గర్లో నీళ్ళు లేవు కాబట్టి వాళ్ళను బస్సుల్లో సింగరాయకొండ తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి జట్కాలో సముద్రం ఒడ్డుకు చేర్చాను. డెబ్భై ఏళ్ళ కోటమ్మను ముంచబోతుంటే అల వచ్చి ఇద్దర్నీ కలిపి దొర్లించింది. ఆమె ఉప్పునీళ్ళు ఉమ్మి, "నువ్వు ముంచేదేందయ్యా, సముద్రమే ముంచుతుంటే!" అని అరిచింది. దారి పొడుగునా ముసలివాళ్ళు కళ్ళు మండి తుడుచుకుంటూనే ఉన్నారు.

ఏసోబు రాలేదు.

"మళ్ళీ మునగమంటే మునగడానికేముందండీ, ఒళ్ళు తడుస్తుంది. ముందు మునిగింది ఉత్తదని మాత్రం నా నోటితో అననండీ."

"ఆమెకు అధికారం లేదు ఏసోబన్నా."

"లేదండీ. నాకు మాత్రం నమ్మకం ఉండింది. నలభై ఏళ్ళు ఈ చేతుల్తో రొట్టె మోశా. మరదంతా దొంగతనమా?"

"దొంగతనమని నేనన్నానా?"

"మరింకేందండీ?"

జవాబు లేనప్పుడు కుర్రవాళ్ళకు కోపం వస్తుంది. సంఘం తీర్మానం తీర్మానమే, బల్లకు దూరంగా ఉండండి అన్నాను. అతను తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జలుబు

ఏసోబు గుడి మానేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. మొండివాడని రాసి పడేసేవాణ్ణి. అతను మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి పాడాడు, వాక్యం విన్నాడు. మొదటి ఆదివారాల్లో మాత్రం బల్ల మీద గుడ్డ తియ్యగానే లేచి గడప దాటి మెట్టు మీద కూర్చునేవాడు. ఇంకొక సంగతి చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. బల్ల కోసం ఎండుద్రాక్ష ఉడకబెట్టి రసం పిండేది ముందు నుంచీ అతనే. ఆ పని ఎవరికీ అప్పగించలేదు. శనివారం వచ్చి మా వంటింటి వెనక కూర్చుని పిండి, వడకట్టి, గిన్నె మూసి వెళ్ళేవాడు. ఆదివారం అందులో ఒక్క చుక్క అతనికి లేదు.

మా ఆవిడ ఒకరోజు చూసి చూసి అంది. "పిండిన చేతికి రసం లేదని ఏ పుస్తకంలో రాసుందండీ? చూపించండి, నేనూ చదువుతాను."

"నీకు తెలియదు ఊరుకో."

"అవును, నాకేం తెలుసు! నాకు సెమినరీ లేదుగా." ఆ తర్వాత మొదటి ఆదివారాలు వస్తే ఆవిడ నాతో మాట్లాడేది కాదు. పళ్ళెం నా ముందు పెట్టిన చప్పుడుకే తెలిసేది.

అసలు కష్టం ఎస్తేరమ్మతో వచ్చింది. ఆమెకు ఈ సంగతి తెలియకూడదని ఊరంతా ఒక్క మాట మీద ఉంది. చేసిన పనంతా చెల్లదని ఎనభై ఏళ్ళ మనిషికి ఎవరు చెబుతారు? నేనైతే చెప్పలేకపోయాను. సత్యం, క్రమం అని సంఘం మధ్య గొంతు చించుకున్న వీరుణ్ణి, ఒక గుడ్డి ముసలమ్మ ముందు నోరు పెగల్లేదు. కానీ ఆమెకు చూపు లేదు గానీ చెవులున్నాయిగా. మొదటి నెలే అడిగింది.

"అయ్యగారూ, గిన్నె కాడ ఏసోబు గొంతు ఇనపళ్ళేదే?"

"జలుబు చేసిందమ్మా. గొంతు బొంగురుపోయింది" అన్నాను.

తర్వాతి నెల, "ఇంకా తగ్గలేదా జలుబు?" అంది. లేదమ్మా అన్నాను. ఆ తర్వాతి నెల కూడా. ఎండాకాలం వచ్చింది, రోళ్ళు పగిలే ఎండలు. "ఈ ఎండల్లో కూడానా?" అంది. అయినా నేను ఆ జలుబును వదల్లేదు. ఏడాదిన్నర మోశాను. పాస్టరు అబద్ధమాడకూడదని పిల్లలకు చెప్పేవాణ్ణి, ప్రతి మొదటి ఆదివారం బల్ల పక్కనే నిలబడి ఒకటి ఆడేవాణ్ణి.

మెత్తబడదామని లోపల ఉండేది. తీర్మానం చేయించినవాణ్ణి ఎట్లా వెనక్కి తగ్గేది? నామోషీ అడ్డొచ్చింది. అంతకు మించి అందులో వేదాంతం ఏమీ లేదు.

గడప

పండుగ ఇక నెలే ఉందనగా జయానందం అయ్యగారు మా ప్రాంతపు సంఘాలన్నిటికీ పెద్దగా వచ్చారు. అంతకు ముందంతా ఆయన గుంటూరు వైపే పనిచేశారు. నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషే నాకు పై అధికారిగా రావడం! శనివారం మా సంఘానికి మొదటిసారి వస్తున్నారని ముందే ఇల్లంతా సున్నం కొట్టించాను. భోజనం కాగానే చరిత్ర నోటు పుస్తకం, బాప్తిస్మముల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక పెద్ద పొరపాటు సరిదిద్దానని, ఒక్కడు మాత్రం ఇంకా లొంగలేదని చెప్పుకున్నాను.

ఆయన ఆ పేజీ చాలాసేపు చూశారు. ఒక పేరు మీద వేలు పెట్టారు.

"ఇది చదువు."

"ఎర్రబ్బాయి, పద్నాలుగేళ్ళు."

"పక్కన పెన్సిలుతో ఏదో రాశావే."

"ఆచూకీ లేదని రాశానండీ. చిన్నప్పుడే ఊరొదిలి పోయాడట."

"ఆచూకీ ఉందబ్బాయ్" అన్నారు. "నీ వంటింట్లో గోంగూర పచ్చడి తిని నీ ఎదురుగా కూర్చున్నాడు."

నాకు ముందు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. తండ్రి పోయాక తల్లి మిరపకోతలకని ఆయన్ను గుంటూరు వైపు తీసుకుపోయింది. బోర్డింగు బడిలో చేర్చుకున్న దొరసానికి ఎర్రబ్బాయి అన్న పేరు నచ్చలేదు, జయానందం అని పెట్టింది. బాప్తిస్మం అయిందా అని అడిగితే అయిందన్నాడు. ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు.

"నన్ను ముంచింది చెల్లకపోతే, నా పాస్టరు పని చెల్లదు. నేను నిన్ను కాలవలో ముంచింది చెల్లదు. నువ్వు ఇప్పటిదాకా ముంచినవాళ్ళు కూడా..." అని ఆగారు. కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు. "ఆ లొంగనివాడెవరు?" అని అడిగారు.

"డీకను ఏసోబండీ."

ఆయన ముఖం మారిపోయింది. "ఏసోబా! నేనెవరో వాడికి తెలుసే. సత్తెనపల్లి కల్లాల్లో ఏటేటా కలుస్తుండేవాడు."

ఒక్క మాట. ఒక్క మాట చెబితే ఏసోబు గెలిచేవాడు. ఏడాదిన్నర మెట్టు మీద కూర్చున్నాడు గానీ ఆ మాట చెప్పలేదు.

సాయంత్రం ఆయన్ను ఎస్తేరమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, "అమ్మా, ఎర్రోణ్ణి" అన్నారు.

"ఏ ఎర్రోడు?" ఆమె చెయ్యి చాచి ఆయన తల తడిమింది. "బురదనీళ్ళు తాగినోడివా?"

"ఆ, వాణ్ణే."

"సచ్చినోడా, నోరు మూసుకోమని చెప్పానా లేదా?" అంది. జయానందం అయ్యగారు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చారు. నేను బయటికొచ్చి దడి పక్కన నిలబడ్డాను.

మర్నాడు మొదటి ఆదివారం. వాక్యం ఆయన్నే చెప్పమన్నాను, వద్దన్నారు. నేనేం చెప్పానో నాకే తెలియదు. బల్ల మీద గుడ్డ తీశాను. ఏసోబు అలవాటు ప్రకారం లేచి గడప దాటాడు. అతని వెనకే జయానందం అయ్యగారూ లేచారు. తెల్ల పంచె, నెరిసిన జుట్టు, వెళ్ళి మెట్టు మీద ఏసోబు పక్కన కూర్చున్నారు. గుడంతా బిత్తరపోయింది. నేను గడప దాకా వెళ్ళి, "అయ్యగారూ, లోపలికి రండి" అని బతిమాలాను.

"నువ్వు పెట్టిన క్రమం ప్రకారం నా చోటు ఇదేగదయ్యా" అన్నారు మెల్లగా.

ఆ క్రమం ప్రకారం నా చోటూ అదే. వెనక్కి వెళ్ళి రొట్టె పళ్ళెం తీసుకున్నాను. సంఘం వైపు తిరిగి, "చేతులెత్తండి" అన్నాను. ఎందుకని చెప్పలేదు, ఎస్తేరమ్మ వింటోంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక్కసారిగా లేచాయి. ఆ బుధవారం లేచిన చేతులకూ వీటికీ తేడా నాకు కనిపించింది. కోటమ్మ రెండు చేతులూ ఎత్తింది.

పళ్ళెం తీసుకెళ్ళి మెట్టు మీద ఏసోబు ముందు వంగాను. "తప్పయిపోయింది ఏసోబన్నా. పంచండి."

అతను పళ్ళెం అందుకోలేదు. లేచి, "ఒక్క నిమిషం అయ్యగారూ" అని బోరింగు దగ్గరికి నడిచాడు. రుద్ది రుద్ది చేతులు కడుక్కున్నాడు. మేమందరం ఆగాం. వచ్చి పళ్ళెం అందుకుని, మొదట జయానందం అయ్యగారికి, తర్వాత నాకు, తర్వాత లోపలికి వెళ్ళి ఎస్తేరమ్మకు ఇచ్చాడు. గిన్నె దగ్గర నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ గొంతు! బోరింగు దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది.

ఆమేన్ అనగానే ఎస్తేరమ్మ అడిగింది. "జలుబు తగ్గిందా ఏసోబూ?"

"తగ్గిందమ్మా."

"ఏడాదిన్నర జలుబు! ఈ అయ్యగారి మందు మంచిది కాదు" అంది. ఆమెకు ఎంత తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. అడగడం అప్పటికి నేర్చుకున్నాను గానీ ధైర్యం చాలలేదు.

సముద్రానికి తీసుకెళ్ళిన నలుగురి ఇళ్ళకూ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలే అయ్యా, రెండుసార్లు మునిగా, ఒకటి నీకిచ్చేస్తాలే" అంది కోటమ్మ. పండుగనాడు చదివిన చరిత్రలో మూడో పాస్టరుకూ నాలుగో పాస్టరుకూ మధ్య ఎస్తేరమ్మ పేరు రాసి చదివాను. జయానందం అయ్యగారు చప్పట్లు మొదలుపెట్టారు. బాప్తిస్మం క్రమం ప్రకారం జరగాలని ఇప్పటికీ అంటాను. నేను నేర్చుకున్న చదువు తప్పనను. కానీ నీళ్ళు ఏడాదికి నాలుగు రోజులు కూడా నిలవని ఊరిని, రోజూ నీళ్ళు పారే ఊళ్ళో నేర్చుకున్న కొలతతో కొలిచాను. మీరు వెళ్ళే ప్రతి సంఘంలోనూ అలాంటి పేజీ ఒకటి ఉంటుంది. చూడగానే పెన్సిలు తియ్యకండి.

పండుగ అయిపోయాక గుడిలో చాపలు చుడుతూ ఏసోబును అడిగాను. అన్నీ తెలిసి ఒక్క మాట ఎందుకు చెప్పలేదన్నా, ఎర్రబ్బాయి ఎవరో ముందే చెబితే ఆ రోజే అయిపోయేదిగదా అన్నాను.

అతను చాప గోడకు ఆనించాడు. "చెబితే మీ బాప్తిస్మం గూడా పోయేదిగదండీ" అన్నాడు. "కుర్రోరు. ఇప్పుడే పనిలోకొచ్చారు. తట్టుకుంటారో లేదోనని, నేనే బయట కూర్చున్నా."